నెదర్లాండ్స్‌లో ట్యులిప్‌ల సీజన్: గ్యాంగ్‌తో బయల్దేరే ముందు జాగ్రత్తలు

రైలు దిగాక, టికెట్‌గా వాడే కార్డు మళ్లీ ట్యాప్ చేయండి. ఎక్కేటప్పుడు అందరికీ గుర్తుంటుంది, దిగాక కబుర్లలో పడి మరిచిపోతాం. మరిస్తే 20 యూరోలు పోవచ్చు. గేట్లు లేని చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫామ్ మీద స్తంభానికి మెషిన్ ఉంటుంది. బీప్ వినబడేదాకా కదలొద్దు.

ఒక్కొక్కరికి ఒక్కో కార్డు. ఒకే కార్డుతో ఇద్దరు ఎక్కడం కుదరదు.

కేకెన్‌హాఫ్ ట్యులిప్ తోట టికెట్ ముందే ఆన్‌లైన్‌లో, టైమ్ స్లాట్‌తో తీసుకోండి. తోట తెరిచి ఉండేది మార్చి మూడో వారం నుంచి మే రెండో వారం వరకే.

పొలాల్లో పూలు చూడాలంటే ఏప్రిల్ మధ్యలోనే వెళ్లండి. తర్వాత దుంప ఊరడానికి రైతులు పూల తలలు కోసేస్తారు. ఫొటో కోసం సాళ్లలోకి దిగొద్దు, అది ఒకరి పంట.

ఎర్ర రంగు దారి సైకిళ్లది. సెల్ఫీకి అక్కడ ఆగారో, గంట మోత, ఆ వెంటనే తిట్లు!

ఫోలెండామ్ ఊరి నుంచి మార్కెన్ ఊరికి పడవలో వెళ్తే చివరి ట్రిప్ టైమ్ చూసుకోండి. తప్పితే కట్ట మీదుగా బస్సులో చుట్టూ తిరిగి రావాలి.

గొడుగు దండగ, ఆ గాలికి తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్‌కోట్ చాలు.