సోషల్ మీడియాలో మీ పోస్టు తీసేస్తే ఫిర్యాదు రాయడం ఎలా? – 3వ పాఠం: తీసిందెవరు?

పోయిన పాఠంలో ఆధారాలు దాచుకోవడం చూశాం: పోస్టు లింకు, సమయం కనిపించే స్క్రీన్‌షాట్, వచ్చిన నోటీసు మొత్తం. ఫిర్యాదు మొదలుపెట్టే ముందు, పోస్టు తీసిందెవరో తేల్చుకోవాలి. అది తేలకపోతే ఫిర్యాదు సంబంధం లేని వాళ్లకు వెళ్తుంది, రెడీమేడ్ జవాబొకటి తిరిగొస్తుంది.

ముందు లాగవుట్ చేసి ప్రైవేట్ విండోలో లింకు తెరవండి. మీ ఖాతాలో కనిపిస్తూ ఇక్కడ కనిపించకపోతే పోస్టును తొలగించకుండా దాచి ఉండొచ్చు. (ప్రైవసీ సెట్టింగు 'స్నేహితులకు మాత్రమే' అని లేదు కదా? అదీ చూడండి.) అమెరికాలో ఉన్న మీవాళ్లకు కనిపిస్తూ మనకు కనిపించకపోతే చట్టపరమైన ఆదేశం ఉండే అవకాశం ఎక్కువ.

పెట్టిన క్షణాల్లోనే మాయమైతే అది దాదాపుగా ఫిల్టర్ (పోస్టులను తనంతట తానే వడపోసే సాఫ్ట్‌వేర్) పనే. పాట వీడియో కింద 'చంపేశాడు భయ్యా' అని రాస్తే మనకది మెచ్చుకోలు, ఫిల్టర్‌కు హింస. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగైతే మరీ కష్టం, ఒక్కో మాటకు పది స్పెల్లింగులు. అప్పీలు ఇంతే ఉండాలి: 'ఇక్కడ చంపేశాడు అంటే అద్భుతంగా పాడాడని అర్థం. వ్యాఖ్య ఆ పాట గురించే. హింస నిబంధన దీనికి వర్తించదు. పునరుద్ధరించగలరు.' భావప్రకటనా స్వేచ్ఛ గురించి ఇక్కడ ఉపన్యాసం వద్దు, చూసేవాళ్లకు అంత తీరిక ఉండదు. అప్పీలు తేలకముందే అదే పోస్టు మళ్లీ పెట్టకండి. రెండో ఉల్లంఘనగా లెక్కేసి ఖాతానే ఆపేయొచ్చు.

మోడరేటర్ (కంపెనీ తరఫున పోస్టులు పరిశీలించే మనిషి) తీస్తే ఏ నిబంధన కిందో అడగండి. 50 లక్షలకు పైగా నమోదిత వినియోగదారులున్న వేదికలు తమంతట తాము పోస్టు తీసినప్పుడు కారణం చెప్పాలని, వాదించుకునే అవకాశం ఇవ్వాలని 2021 ఐటీ నియమాల్లో 4(8) నియమం చెబుతోంది. ఈ నంబరు రాసి గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే కంపెనీ అధికారికి) పంపండి. అందినట్టు 24 గంటల్లో తెలపాలి. పరిష్కారానికి మొదట 15 రోజులు పెట్టారు. నియమాలకు సవరణలు వస్తూనే ఉన్నాయి కాబట్టి, పంపే రోజున తాజా గడువు చూసుకోండి.

ఆ జవాబు నచ్చకపోతే అది అందిన 30 రోజుల్లో కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో వెళ్లొచ్చు. రాజ్యాంగం మాట ఎత్తాల్సింది ఇక్కడ: 14, 19, 21 అధికరణాల హక్కులను కంపెనీలు గౌరవించాలని 2022 సవరణ చేర్చింది. చాలామంది ఈ 30 రోజుల గడువు దాటేసి ఆఫీసర్‌కే మళ్లీ మళ్లీ మెయిళ్లు పెడుతుంటారు.

ప్రభుత్వం ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద ఆపించిందైతే సంగతి వేరు. 2009 బ్లాకింగ్ నియమాలు గోప్యత పాటించమంటాయి, అందుకే కంపెనీ ఆదేశం ప్రతి చూపించదు. మోడరేటర్‌ను తిట్టి లాభం లేదు. లాయర్‌ను కలిసి హైకోర్టు దారి చూడాలి.

అభ్యాసం: మీ ఖాతాలో పోయిన పోస్టు ఒకటి తీసుకుని, తీసిందెవరో, మీరు అలా అనుకోవడానికి ఆధారమేమిటో రెండు వాక్యాల్లో రాయండి. వచ్చే పాఠంలో దాని మీదే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఫిర్యాదు తయారుచేద్దాం.