పేదింటి పిల్ల చదువు మధ్యలో ఆగిపోకుండా చూసుకోవడం ఎలా

మా నాన్న అప్పు కాగితం మీద వేలిముద్ర వేసిన రోజు నాకు తొమ్మిదేళ్లు. నాలుగో తరగతి. తీసుకున్నదానికన్నా ఎక్కువ రాసుకున్నారని చాలా రోజులకు గానీ తెలియలేదు. ఆ రోజు నాన్న చదవమని అడిగినా నేను చదవగలిగేదాన్ని కాదు. నాలుగేళ్లు బడికెళ్లి కూడా నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. తర్వాత నేనే టీచర్నయి పందొమ్మిదేళ్లు చిన్న తరగతులకు చెప్పాను. చదువు పేదరికాన్ని తగ్గిస్తుందని మనస్ఫూర్తిగా నమ్ముతాను. అయితే బడికి పంపితేనే ఆ పని అయిపోదు, పిల్లకు చదవడం రావాలి. మీకు తెలిసిన ఇంట్లో అలాంటి పిల్ల ఉంటే ఇలా చేసి చూడండి.

ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చదివించండి. ఏ తరగతిదైనా సరే, రెండో తరగతి స్థాయి పేరా ఒకటి ఇవ్వండి. పాఠ్యపుస్తకంలోది మాత్రం వద్దు. నా క్లాసులో ఒకబ్బాయి పాఠం గడగడా అప్పజెప్పేవాడు, వేలు మాత్రం వేరే లైను మీద ఉండేది. అంతా కంఠస్థం! పేరా రాకపోతే చిన్న పదాలు, అవీ రాకపోతే అక్షరాలు అడగండి. ఎక్కడ ఆగిందో తేదీతో సహా రాసిపెట్టుకోండి. ఆ పిల్ల తెలివితక్కువదని అనుకోకండి. పేద, మధ్యాదాయ దేశాల్లో పదేళ్ల పిల్లలు పదిమందిలో దాదాపు ఏడుగురు చిన్న కథ కూడా చదివి అర్థం చేసుకోలేకపోతున్నారని 2022లో ప్రపంచ బ్యాంకు, యునెస్కో, యునిసెఫ్ కలిసి వేసిన అంచనా.

ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఐదో తరగతి పిల్లకు గుణింతాలు రాకపోతే గుణింతాలే నేర్పాలి, సిలబస్ కాసేపు ఆగుతుంది. మన దేశంలో పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఈ పద్ధతినే పెద్ద ఎత్తున వాడింది: రోజులో కొంతసేపు పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా, ఎవరికి ఎంత వచ్చో దాన్ని బట్టి గుంపులుగా కూర్చోబెట్టి నేర్పడం. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం దీన్ని పరీక్షించి చూసింది, సరిగ్గా అమలైన చోట ఫలితం కనిపించింది. రోజూ గంటసేపు కుదిరితే చాలు, కానీ రోజూ కుదరాలి. గట్టిగా చదివించండి, తప్పు వచ్చినప్పుడు ఆపకుండా వాక్యం పూర్తి కానివ్వండి, తర్వాత దిద్దండి.

ఇక అసలు కష్టం ఇంట్లో ఉంటుంది. నా క్లాసులో ఒకమ్మాయి వారానికి మూడు రోజులే వచ్చేది. బద్ధకమనుకుని అందరి ముందూ తిట్టాను. ఒక సాయంత్రం వాళ్లింటికి వెళితే ఒళ్లో పాలు తాగే తమ్ముడున్నాడు. తల్లికి పని దొరికిన రోజున ఈ పిల్లే ఇంట్లో తల్లి. ఆ తిట్లు గుర్తొస్తే ఇప్పటికీ మనసు బాధగా ఉంటుంది. తల్లితో మాట్లాడాక పక్కింటావిడా ఆమే వంతులేసుకుని బిడ్డల్ని చూసుకున్నారు. పిల్ల రోజూ రావడం మొదలుపెట్టింది. అందుకే నా మాట: బడి మానిందని వినగానే సలహా చెప్పకండి, ఇంటికెళ్లి తల్లిని అడగండి. ఫీజు లేని బడికి కూడా బట్టలు, చెప్పులు, పుస్తకాలు, దారిఖర్చు అవుతాయి. వాటన్నిటికన్నా పెద్దది ఆ పిల్ల పనికెళితే వచ్చే కూలి. మెక్సికో 1997లో మొదలుపెట్టిన పథకం ఈ లెక్కనే పట్టుకుంది: పిల్లలు బడికి వెళితే డబ్బు తల్లుల చేతికిచ్చారు, పై తరగతుల్లో ఆడపిల్లలకు కాస్త ఎక్కువ ఇచ్చారు. మీ దగ్గర స్కాలర్‌షిప్ ఏదైనా ఉంటే గడువు తేదీ కనుక్కుని, మీరే పక్కన కూర్చుని దరఖాస్తు నింపించండి. ఆ ఫారం దగ్గరే డబ్బు ఆగిపోయేవాళ్లూ ఉంటారు.

"చదివి ఏం చేస్తుంది?" అని తండ్రి అడిగితే ఉపన్యాసం ఇవ్వకండి. అదే వీధిలో పదో తరగతో, ఇంకాస్తో చదివినవాళ్లను తీసుకొచ్చి వాళ్ల జీతం వాళ్ల నోటితోనే చెప్పించండి. డొమినికన్ రిపబ్లిక్‌లో ఎనిమిదో తరగతి అబ్బాయిలకు, చదివినవాళ్లకీ చదవనివాళ్లకీ ఆదాయంలో ఎంత తేడా ఉంటుందో చెప్పి చూశారు. వాళ్లు అంతకుముందు ఆ తేడాను చాలా తక్కువగా ఊహించుకున్నారట. విన్నాక కొందరు ఎక్కువకాలం చదివారు. మరీ పేదవాళ్లలో మాత్రం పెద్దగా మార్పు రాలేదు, మాట ఒక్కటే ఖర్చుల్ని తీర్చలేదు కదా. ప్రపంచం మొత్తం మీద సగటున ఒక ఏడాది చదువు పెరిగితే సంపాదన దాదాపు 9 శాతం పెరుగుతుందని అంచనా. కానీ ఉద్యోగం ఖాయమని మాట ఇవ్వకండి. పనులే లేని చోట చదువుకున్నవాళ్లూ ఎదురుచూస్తారు, ఆ సంగతి తల్లిదండ్రులకు మనకన్నా బాగా తెలుసు.

బడి మారాల్సిన ఏడాది జాగ్రత్త. సెలవులకు ముందే కాగితాలు తయారుచేయించి, మొదటి రోజు వెంట వెళ్లండి.

మూడు నెలలకోసారి కొత్త పేరాతో మళ్లీ చదివించండి, తల్లి ఎదురుగా. ఆ రోజు నుంచి ఇంటికి వచ్చే ఏ కాగితమైనా, ఆసుపత్రి చీటీ, బ్యాంకు నోటీసు, అప్పు పత్రం, సంతకం పెట్టేముందు ఆ పిల్ల చేత చదివించుకోమని చెప్పండి.