సముద్రపు నీటిలో వైరస్‌ని పట్టి, దాని వంశవృక్షం గీయడం ఎలా

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి నన్ను తీసుకెళ్లే మరపడవ సరంగు మొదటిసారి అడిగిన ప్రశ్న ఇది: "చేప ఒక్కటీ లేని నీళ్లు ఇన్ని ఎందుకమ్మా?" చెంచాడు నీళ్లలో కోట్ల వైరస్‌లుంటాయి బాబాయ్ అన్నాను. "మేం పుట్టి పెరిగింది ఈ నీళ్లలోనే కదా, మాకేం కాలేదే?" అన్నాడు. మంచి ప్రశ్న. వాటిలో ఎక్కువ భాగం మనుషుల జోలికి రావు. అవి ఫేజ్‌లు, బ్యాక్టీరియాను వేటాడే వైరస్‌లు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఈ పని ఎంచుకున్నవాళ్ల కోసం, నేను చేసే పద్ధతి రాస్తున్నాను.

ఇరవై లీటర్ల క్యాన్‌ను ముందురోజే పలుచటి యాసిడ్‌తో, తర్వాత శుద్ధజలంతో కడగాలి. పడవ మీద అదే సముద్రపు నీటితో మూడుసార్లు తొలిచి నింపాలి. ఇంజన్ ఆయిల్ తేలే వైపు ముంచకండి. అక్షాంశం, రేఖాంశం, లోతు, ఉప్పదనం, ఉష్ణోగ్రత అక్కడికక్కడే పెన్సిల్‌తో రాసుకోవాలి. పెన్ను రాత తడికి కారిపోతుంది.

ల్యాబ్‌లో నీటిని 0.22 మైక్రాన్ల ఫిల్టర్ గుండా పంపితే బ్యాక్టీరియా పైన ఆగిపోతుంది, వైరస్‌లు కిందికి దిగుతాయి. జెయింట్ వైరస్‌లు మాత్రం పైనే చిక్కుకుంటాయి. దిగిన నీటిలో వైరస్ చాలా పలుచగా ఉంటుంది కాబట్టి ఇనుముతో గడ్డ కట్టించాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము ఇనుము వచ్చేలా ఫెర్రిక్ క్లోరైడ్ కలిపి, బాగా ఊపి, గంటసేపు కదపకుండా ఉంచండి. ఆ నీటిని 1 మైక్రాన్ పాలీకార్బొనేట్ ఫిల్టర్ మీద వడకడితే తుప్పు రంగు పొర మిగులుతుంది. పాత ఇనప కుళాయి కింద సింకులో పడే మరకలా ఉంటుంది. ఇరవై లీటర్లలోని వైరస్‌లు దాదాపుగా ఆ మరకలోనే ఉంటాయి. దాన్ని మెగ్నీషియం, ఈడీటీఏ, ఆస్కార్బేట్ కలిపిన పీహెచ్ 6 బఫర్‌లో వేసి, చీకట్లో, 4 డిగ్రీల దగ్గర రాత్రంతా తిప్పండి. ఆస్కార్బేట్ అంటే విటమిన్ సి, ఇనుమును కరిగించేది అదే. పొద్దున చూస్తే గోధుమ రంగు పోయి ఉంటుంది. ఈ బఫర్ ఏ రోజుకు ఆ రోజే చేసుకోవాలి.

తర్వాతి మెట్టు డీఎన్ఏస్, అంటే డీఎన్ఏను ముక్కలు చేసే ఎంజైమ్. దీన్ని మాత్రం వదలకండి. చచ్చిన బ్యాక్టీరియా డీఎన్ఏ నీటిలో తేలుతూ ఫిల్టర్ దాటి వచ్చేస్తుంది. క్యాప్సిడ్ (వైరస్ ప్రోటీన్ గుల్ల) లోపలున్న వైరస్ డీఎన్ఏను ఈ ఎంజైమ్ ముట్టుకోలేదు, బయట ఉన్నదాన్ని మాత్రం తినేస్తుంది. ఆపైన బ్యాక్టీరియాలన్నిటిలో ఉండే 16ఎస్ జన్యువుకు పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు నకళ్లు పెంచే పద్ధతి) పెట్టి, జెల్ మీద బ్యాండ్ (గీత) రాలేదని తేల్చుకున్నాకే ముందుకు కదలండి.

మొదటి ఏడాది నేను ఆ తనిఖీ చేయలేదు. పీఎస్‌బీఏ జన్యువును పీసీఆర్‌తో పెంచి వంశవృక్షం గీస్తే, నా డీఎన్ఏ క్రమాలన్నీ సైనెకోకాకస్ అనే కిరణజన్య బ్యాక్టీరియా కొమ్మ మీద వాలాయి. పీఎస్‌బీఏ కిరణజన్య సంయోగక్రియ జన్యువు. వెలుగులో త్వరగా అరిగిపోయే డీ1 ప్రోటీన్‌ను మళ్లీ మళ్లీ తయారు చేయడానికి సైనోఫేజ్‌లు (అలాంటి బ్యాక్టీరియాను వేటాడే ఫేజ్‌లు) కూడా దాన్ని మోసుకు తిరుగుతాయి. అందుకే మొదట ఆ జన్యువు కనిపించగానే ఫేజ్ దొరికిందని ఎంతో సంబరపడ్డాను. తర్వాత 16ఎస్ పెడితే గట్టి బ్యాండ్ వచ్చింది. మూడు నెలల పని మళ్లీ మొదటికొచ్చింది. ఆ టెన్షన్ మీకు వద్దు.

పైగా ఆ జన్యువు అతిథేయికీ ఫేజ్‌కీ మధ్య చేతులు మారుతుంది. దాని చెట్టు జన్యువు కథ చెబుతుంది, వైరస్ వంశం కథ కాదు. వైరస్‌లన్నిటికీ ఉమ్మడి జన్యువు, బ్యాక్టీరియాకు 16ఎస్ లాంటిది, లేదు. టీ4 (ఈ.కోలై బ్యాక్టీరియాను వేటాడే పేరున్న ఫేజ్) తరహా ఫేజ్‌లకైతే క్యాప్సిడ్ ప్రోటీన్ జన్యువు జీ23తో మొదలుపెట్టండి. ఆర్ఎన్ఏ వైరస్‌లు కావాలంటే దారి వేరు: రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్‌తో ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చి, ఆర్ఎన్ఏకు నకలు తీసే ఎంజైమ్ జన్యువు ఆర్‌డీఆర్‌పీని చూడాలి.

జీ23 బ్యాండ్ ఒక్కటే కనిపించినా అందులో ఎన్నో వైరస్‌లు కలిసి ఉంటాయి. దాన్ని నేరుగా సాంగర్‌కు (ఒకసారికి ఒక్క డీఎన్ఏ ముక్కనే చదివే పద్ధతి) పంపితే గ్రాఫులో శిఖరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. క్లోనింగ్ చేయండి, లేదా పీసీఆర్ ముక్కలన్నిటినీ విడివిడిగా చదివే ఆంప్లికాన్ సీక్వెన్సింగ్‌కు ఇవ్వండి. శుద్ధజలంతో మొదటి నుంచీ ఇదంతా చేసిన బ్లాంక్‌ను కూడా పక్కనే నడిపించండి.

క్రమాలు చేతికొచ్చాక రెండు చివర్లా ప్రైమర్ (పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్క) భాగం కత్తిరించండి. అది మీరు కొనుక్కున్న డీఎన్ఏ, వైరస్‌ది కాదు. మిగిలినదాన్ని అమైనో ఆమ్లాలుగా మార్చి పోల్చండి. దూరపు బంధువుల మధ్య న్యూక్లియోటైడ్లు పోలిక అందనంతగా మారిపోయి ఉంటాయి. టీ4, ఎస్-పీఎం2 వంటి తెలిసిన ఫేజ్‌లను జతచేసి, మాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌తో వరుసలు కలిపి, ఐక్యూ-ట్రీ సాఫ్ట్‌వేర్‌తో చెట్టు గీయండి. అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్ (కొమ్మను ఎంత నమ్మవచ్చో చెప్పే అంకె) 95 దాటని కొమ్మ మీద వాదన నిలబెట్టకండి. జీ23 ముక్క ఒక్కదానితో జాతి పేరూ పెట్టకండి. ఫేజ్ జాతి అనాలంటే మొత్తం జీనోమ్ 95 శాతం కలవాలి. పాత పేపర్లలో మయోవిరిడే, పోడోవిరిడే అని కనిపిస్తాయి. 2022లో ఆ కుటుంబాలను ఎత్తేశారు, ఇప్పుడు కాడోవిరిసెటీస్ అనే తరగతి రాయాలి.

క్రమాలను జెన్‌బ్యాంక్‌లో (అందరూ చూడగలిగే డీఎన్ఏ క్రమాల భాండాగారం) పెట్టేటప్పుడు పడవ మీద పెన్సిల్‌తో రాసిన ఆ అయిదు వివరాలూ ఎక్కించండి. రేపు గోదావరి నోటి దగ్గర నీళ్లు ముంచే మరో విద్యార్థికి, మీ కొమ్మ పక్కన తన కొమ్మ ఎందుకు మొలిచిందో చూసుకోవడానికి అవే కావాలి.