తేలికపాటి టూ స్ట్రోక్ ఎండ్యూరో బండి: డెల్టాలో ఎవరికి తగును, ఎలా వాడుకోవాలి

ధవళేశ్వరం ఆనకట్ట దిగువన గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల నడుమ పరుచుకున్న నేలలో కొండలు ఎక్కవలసిన పని లేదు. ఇక్కడ బండికి ఎదురయ్యేవి ఒండ్రు, లంకల్లోని ఇసుక, నాలుగు చినుకులు పడితే చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య గట్టిగా కూరుకుపోయే నల్లమట్టి. దిగబడిన బండిని పైకి లాగవలసిన వాడు దాన్ని నడిపేవాడే కనుక, ఎండ్యూరో బండి, అంటే రోడ్డు లేని మట్టి దారుల్లో నడపడానికి చేసిన బండి, కొనాలనుకునే డెల్టావాసి అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న దాని బరువెంత అనే.

బరువు విషయంలో టూ స్ట్రోక్‌కు పుట్టుకతోనే ఒక అనుకూలత ఉంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి శక్తి పుడుతుంది, టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ పుడుతుంది. పైగా వాల్వులు, క్యామ్‌షాఫ్టు, దాన్ని తిప్పే చైను ఇందులో ఉండవు కనుక హెడ్డు చిన్నదై, బరువు కిందికి దిగుతుంది. 1985లో మన దేశానికి వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100ను నడిపినవారికి ఈ తేలికదనం కొత్త కాదు. ఆ బండి 98 సీసీ ఇంజనుతో సుమారు నూరు కిలోలు తూగేది; నేటి 300 సీసీ టూ స్ట్రోక్ ఎండ్యూరోలు కూడా పెట్రోలు పోయకముందు దాదాపు అంతే తూగుతాయి. మన రోడ్ల మీద తరచుగా కనిపించే హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ పెట్రోలుతో కలిపి 158 కిలోల దగ్గర ఉంటుంది. పెట్రోలు బరువు తీసివేసి చూసినా తేడా నలభై ఐదు కిలోలకు తగ్గదు, మోకాలి లోతు బురదలో ఆ తేడా చేతులకు తెలుస్తుంది.

ఎండ్యూరో టూ స్ట్రోక్‌లన్నీ ఒక్క తీరువి కావు. కేటీఎం 300 ఈఎక్స్‌సీ వంటివి పోటీల కోసం పుట్టినవి. సీటు సుమారు 960 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది, సస్పెన్షన్ గట్టిగా ఉంటుంది, యాక్సిలరేటర్ కొంచెం తిప్పితే ముందు చక్రం లేస్తుంది. ఇటలీకి చెందిన బీటా కంపెనీ 2015లో తెచ్చిన ఎక్స్‌ట్రైనర్ రెండో తీరుకు మంచి ఉదాహరణ: ఇంజను 300 సీసీదే అయినా శక్తిని మెత్తగా అందించేలా తగ్గించి, సీటును 910 మిల్లీమీటర్లకు దించి, టూ స్ట్రోక్‌కు తప్పనిసరైన, పెట్రోలులో ఆయిలు కలిపే పనిని కూడా బండికే అప్పగించారు. కేటీఎం ఫ్రీరైడ్ 250 ఆర్ ఇదే దారిలో ఇంకొంచెం తేలికగా వచ్చింది. నా మాట అడిగితే, ఇరవై ఏళ్ల కుర్రాడైనా, చాలా కాలం తరువాత మళ్లీ బండి ఎక్కుతున్న యాభై ఏళ్లవాడైనా, పోటీలకు వెళ్లే ఉద్దేశం లేనంతవరకు ఈ రెండో తీరు బండినే చూసుకోవాలి.

కొత్తవాళ్లకు చిన్న ఇంజనే మేలని చాలామంది అంటారు గాని, మట్టి విషయంలో ఆ మాట సరిగా అతకదు. 125, 150 సీసీ టూ స్ట్రోక్‌లు పై ఆర్‌పీఎమ్‌లోనే సత్తా చూపుతాయి. ఆ వేగం పడిపోకుండా ఎప్పుడూ క్లచ్, గేర్లతో పని చేస్తూనే ఉండాలి, బురదలో అరగంట గడిచేసరికి ఎడమచేతి వేళ్లు మాట వినవు. 250, 300 సీసీ ఇంజను కింది ఆర్‌పీఎమ్‌లోనే నింపాదిగా లాగుతుంది కనుక రెండో గేరులో వదిలేసి దారి మీద దృష్టి పెట్టవచ్చు. గట్టి ఇసుక మీద పరుగెత్తాలనుకునే తేలికపాటి మనిషికి మాత్రం 150 చక్కగా సరిపోతుంది.

నడిపేవాడి బరువును కూడా లెక్కలోకి తీసుకోవాలి. కేటీఎం పెద్ద ఎండ్యూరోల స్ప్రింగులు 75 నుంచి 85 కిలోల మనిషిని దృష్టిలో పెట్టుకొని వస్తాయి. మనలో అరవై, అరవై ఐదు కిలోలవారు తక్కువేమీ కాదు. బండిని స్టాండు మీదకు ఎత్తి, వెనుక చక్రం గాలిలో ఉండగా ఇరుసు నుంచి నిట్టనిలువుగా మడ్‌గార్డు మీది గుర్తు వరకు టేపుతో కొలవాలి. తరువాత బండిని నేల మీదికి దించి, హెల్మెట్, బూట్లతో సహా అన్నీ వేసుకొని ఎక్కి, ఒకరు హ్యాండిల్ పట్టుకోగా మరొకరి చేత అదే కొలత మళ్లీ తీయించాలి. రెండింటి తేడా 100 నుంచి 110 మిల్లీమీటర్ల మధ్య ఉంటే స్ప్రింగు మీకు సరిపోయినట్లు. ప్రీలోడ్ (స్ప్రింగును ముందే నొక్కి ఉంచే బిగింపు) బాగా వదులు చేసినా అంత తేడా రాకపోతే మెత్తటి స్ప్రింగు వేయించడం తప్పదు. సీటు ఎత్తని భయపడి ఫోమ్ కోయించే ముందు ఈ పని చేస్తే చాలాసార్లు కాళ్లు వాటంతటవే నేలకు అందుతాయి.

ఈ బండి తగనివారు కూడా ఉన్నారు. వెనుక మనిషిని ఎక్కించుకోవాలన్నా, రోజూ అమలాపురం నుంచి రాజమహేంద్రవరం వెళ్లి రావాలన్నా ఇది పనికిరాదు. ఇలాంటి టూ స్ట్రోక్ ఎండ్యూరోలకు మన దేశంలో రిజిస్ట్రేషన్ దొరకదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండిని బహిరంగ ప్రదేశంలో నడపకూడదు. ఊరివాళ్లంతా తిరిగే కాలువ గట్టు కూడా అందులోకే వస్తుంది. కాబట్టి సొంత కొబ్బరి తోట, యజమాని ఒప్పుకున్న లంక భూమి, దాళ్వా కోతలయ్యాక ఎండిన తెలిసినవారి చేను, లేదా శిక్షణ ట్రాకు ఉన్నవారికే ఇది కొనదగిన వస్తువు. అక్కడికైనా ట్రాలీలోనో వ్యానులోనో తీసుకుపోవాలి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి నరసాపురం వీధుల్లో నడుపుకుంటూ పోవాలనే సరదా ఉన్నవారు ఎక్స్‌పల్స్ వంటి ఫోర్ స్ట్రోక్ చూసుకోవాలి.

కొన్నాక మొదటి క్రమశిక్షణ ఆయిలు విషయంలో. ఆయిలు ట్యాంకు విడిగా లేని బండికి పెట్రోలులో ముందే కలపాలి: కంపెనీ 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 40:1 అంటే 25. బంకులో విడిగా పోసే టూటీ ఆయిల్ మోపెడ్లకు చెల్లింది గాని దీనికి వద్దు. సీసా మీద జాసో ఎఫ్‌డీ (టూ స్ట్రోక్ ఆయిళ్లకు జపాన్ వారి నాణ్యతా ప్రమాణం) అని ఉన్నది తీసుకోవాలి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కోనసీమలో తేమకు కొదవ లేదు కనుక కలిపిన పెట్రోలును మూత బిగించిన డబ్బాలో ఉంచి రెండు మూడు వారాల్లో వాడేయాలి. ఇంజనులోకి వెళ్లే పెట్రోలు, గాలి మిశ్రమాన్ని ఇథనాల్ పలచన చేస్తే, మే నెల వేడిగాలి చిక్కన చేస్తుంది. ఏది పైచేయో ప్లగ్గు చెబుతుంది. లేత గోధుమ రంగు మంచిది, తడి నలుపు చిక్కదనం, తెలుపు కనిపిస్తే మాత్రం పిస్టన్ పట్టేయకముందే కార్బ్యురేటర్‌లో పెట్రోలును వదిలే జెట్‌ను పెద్దది వేయించాలి.

నడిపేటప్పుడు ఇసుకలో ముందు చక్రం మీద బరువు పడకుండా వెనక్కి జరిగి, యాక్సిలరేటర్ వదలకుండా సాగాలి. టైరు రిమ్ము మీద జారకుండా పట్టి ఉంచే రిమ్‌లాక్ ఉంటే టైరులో గాలిని 12 పీఎస్‌ఐ వరకు దించవచ్చు. తడి నల్లమట్టిలో ఏ కిటుకూ పారదు, ఆరేదాకా ఆగడమే మంచిది. మారేడుమిల్లి వైపు కొండల్లో అనుమతి ఉన్న చోటికి తీసుకువెళితే, దిగుడులో ఇంజను బ్రేకింగ్ అంతగా ఉండదని గుర్తుంచుకోవాలి. పెట్రోలుతోపాటే ఆయిలు అందే బండిలో యాక్సిలరేటర్ పూర్తిగా మూసి దిగితే సిలిండరుకు ఆయిలు కూడా చాలదు కనుక, క్లచ్ పట్టి మధ్యమధ్య ఒకసారి రేజ్ చేయాలి.

బోదెలో పడి ఇంజను నీళ్లు తాగితే ఎట్టి పరిస్థితిలోనూ స్టార్టర్ నొక్కకూడదు. ముందు పెట్రోలు ట్యాపు కట్టి, బండిని వెనుక చక్రం మీద నిలబెట్టి సైలెన్సర్‌లోని నీరు కార్చాలి. ఎయిర్ ఫిల్టర్ స్పాంజిని తీసి పిండి, బాక్సు అడుగు తుడిచి, ప్లగ్గు విప్పాలి. ఇద్దరు పట్టి బండిని తలకిందులు చేసి, గేరు వేసి వెనుక చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పితే ప్లగ్గు రంధ్రంలోంచి మొదట గోధుమ రంగు నీరు, తరువాత నురుగు, చివరికి ఉత్త గాలి వస్తాయి. కార్బ్యురేటర్ కింది గిన్నె ఖాళీ చేసి, ఆరిన ప్లగ్గు బిగించి అప్పుడు స్టార్ట్ చేయాలి. గేర్‌బాక్స్ ఆయిలు పాలలా తెల్లబడి ఉంటే ఇంటికి వెళ్లగానే మార్చాలి.

స్పాంజి ఫిల్టరును ప్రతి సవారీ తరువాత కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిలు పట్టించాలి. ఎండాకాలపు ఒండ్రు ధూళి పొడి స్పాంజిని దాటి సిలిండరును అరగదీస్తుంది. పిస్టన్, రింగులు మార్చే సమయాన్ని కిలోమీటర్లతో కాక గంటలతో లెక్కించాలి కనుక అవర్ మీటరు లేని బండికి ఒకటి పెట్టించుకోవాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు ఇసుకలో తిప్పిన రోజున చైను, స్పోకులు, రేడియేటర్ రెక్కలను మంచినీటితో అదే సాయంత్రం కడిగి, చైనుకు ఆయిలు వేసి పెట్టాలి.