ఏజెన్సీకి పోస్టింగ్ వచ్చిందా? బ్యాగు సర్దుకునే ముందు ఇది చదవండి

పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, ముంచింగిపుట్టు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లోని ఈ గిరిజన ప్రాంతపు పేర్లలో ఏదో ఒకటి మీ ఆర్డరు కాగితం మీద కనపడగానే ఇంట్లో ఏం జరిగి ఉంటుందో ఊహించగలను. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని ఉంటుంది, మావయ్య ఎవరితోనో మాట్లాడి మార్పిస్తానని ఫోన్లు మొదలుపెట్టి ఉంటాడు, తెలిసినాయన ఒకడు "శంకరగిరి మాన్యాలు పట్టించేశారన్నమాట" అని ఉంటాడు. నాకూ అలాగే జరిగింది. గోదావరి డెల్టా నుంచి వెళ్ళి ఆరేళ్ళు ఆ కొండల మీద బడిలో పనిచేశాను. ఇప్పుడు కొత్తగా వెళ్తున్న టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, సచివాలయం సిబ్బంది నన్ను అడిగేవి దాదాపు ఒకటే ప్రశ్నలు. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందు సామాను సంగతి, అది తేలిక. నవంబరు నుంచి జనవరి దాకా చలి మన కోస్తా చలి కాదు, లంబసింగి వైపైతే కొన్ని తెల్లవారుజాముల్లో సున్నా దగ్గరికి దిగుతుంది. రెండు మంచి రగ్గులు, స్వెట్టరు, మంకీ క్యాప్ తీసుకెళ్ళండి. దోమతెర తప్పనిసరి. టార్చిలైటు, పవర్ బ్యాంకు, పది ఇరవై రూపాయల నోట్లు. ఫోన్లో డబ్బులు పంపడం అక్కడా వచ్చింది కానీ సిగ్నల్ లేనిచోట అది ఎందుకూ పనికిరాదు. ఊరికో సిగ్నల్ రాయి లాంటిది ఉంటుంది, ఒక చెట్టు కిందో, ట్యాంకు పక్కనో, అది ఎక్కడుందో మొదటిరోజే పిల్లల్ని అడిగేయండి.

జ్వరం గురించి. మన పెద్దవాళ్ళు మన్యపు జ్వరం అని భయపెడతారు, మలేరియా ఉన్నమాట నిజమే, ముఖ్యంగా వానాకాలం. కానీ దానికి భయం కన్నా పద్ధతి పనికొస్తుంది. ఒళ్ళు కాస్త వెచ్చబడినా సొంత మాత్రలు వేసుకుని పడుకోకుండా ఆశా కార్యకర్త దగ్గరికో, పీహెచ్‌సీకో వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోండి, చాలామంది ఆశాల దగ్గర అక్కడికక్కడే ఫలితం తెలిసే కిట్ ఉంటుంది. మాత్రల కోర్సు ఇస్తే జ్వరం తగ్గింది కదా అని మధ్యలో ఆపొద్దు. దోమల మందు కొట్టేవాళ్ళు ఇంటికొస్తే, గోడలు పాడవుతాయని తలుపు వేసుకునే ఉద్యోగుల్ని చూశాను, దయచేసి ఆ పని చెయ్యకండి.

వానాకాలంలో ఇంకొక మాట. గెడ్డ, అంటే కొండవాగు, పొంగితే ఆగిపోండి. బండి మీద దాటేద్దామని చూడొద్దు. అవతల బడి ఉన్నా, మీటింగు ఉన్నా, ఊరివాళ్ళు దాటకుండా నిలబడ్డారంటే మీరూ నిలబడాలి, ఆ నీళ్ళు వాళ్ళకి తెలిసినట్టు మనకి తెలీవు.

ఇక మనం తలలో మోసుకెళ్ళే సామాను. కష్టమంతా దీనితోనే.

మైదానంలో ఏజెన్సీ గురించి రెండు రకాల మాటలు వింటాం. ఒకటి భయం మాట: అన్నలు, గంజాయి, చిల్లంగి అనే చేతబడి. రెండోది జాలి మాట: "పాపం, అమాయకులండీ". మొదటిది ఎలాగూ రెండు మూడు నెలల్లో తగ్గుతుంది. రెండోది ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళలో కూడా పోదు, పైగా అది మంచితనంలా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ తప్పనరు. నా లెక్కలో ఎక్కువ నష్టం చేసేది అదే. మనిషిని అమాయకుడు అనుకున్నాక అతన్ని ఏదీ అడగం. అతని తరఫున మనమే నిర్ణయాలు చేసేస్తాం.

ఆ అమాయకుల సంగతి కొంచెం చూడండి. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత అడవి కొట్టి చేసే పోడు సాగు మీద ఆంక్షలు, బలవంతపు రోడ్డు పనులు పెరిగితే, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్ళింది ఈ ఊళ్ళ మనుషులే. మనకి అల్లూరి సీతారామరాజు పేరు ఒక్కటే తెలుసు, అక్కడ గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు కూడా చెబుతారు. అది పాత కథ అంటారా? అనంతగిరి మండలం నిమ్మలపాడు దగ్గర గనుల లీజుల మీద నడిచిన కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు భూమి లీజుకివ్వకూడదని తీర్పు ఇచ్చింది. కేసు వేసిన సంస్థ పేరుతో, సమత తీర్పు అంటే దేశమంతా లా కాలేజీల్లో చదువుకుంటారు. దాని వెనకున్నది ఈ కొండల మీది రైతుల భూమి గొడవే.

అసలు ఏజెన్సీ అన్న మాట ఎక్కడిదో కూడా చాలామంది ఉద్యోగులకి తెలీదు. 1839లో కుంఫిణీ వాళ్ళు గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాల్ని మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టరునే గవర్నరుకి ఏజెంటుగా పెట్టారు. ఆ ఏజెంటు చేతికింద ఉన్న చోటు ఏజెన్సీ అయింది. అంటే ఆ ఊళ్ళకి ఆ పేరు పెట్టింది బయటినుంచి వచ్చిన అధికారి. మీరూ నేనూ ఆ వరసలో వెళ్ళినవాళ్ళమే, అక్కడివాళ్ళు మనల్ని మొదట అలాగే చూస్తారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

నా సంగతి చెబుతాను. చేరిన మొదటి వారంలో పక్కింటావిడని "అమ్మా, ఇక్కడ భయమేం లేదు కదా" అని నాలుగైదుసార్లు అడిగాను. ఆవిడ లేదు సారూ అనేది, లోపలికి వెళ్ళిపోయేది. ఆ ఇంటి పిల్లలు నా గుమ్మం వైపు వచ్చేవాళ్ళు కాదు. సిగ్గు అనుకున్నాను, అడవి పిల్లలు కదా అనుకున్నాను. ఏడాది తిరిగాక ఆవిడే చెప్పింది, నేను రావడానికి ముందు ఒకడు పని ఇప్పిస్తానని చెప్పి ఆ వీధిలో ఇద్దరు కుర్రాళ్ళని ఎక్కడో మిల్లుకి తీసుకెళ్ళాడట, ఆరునెలలు చాకిరీ చేయించి పైసా ఇవ్వలేదట, అందుకని కొత్తమనిషి వచ్చాడంటే పిల్లల్ని అటు వెళ్ళొద్దని కట్టడి చేశారట. నేను వాళ్ళని చూసి ఎంత భయపడ్డానో వాళ్ళు నన్ను చూసి అంతకన్నా ఎక్కువ భయపడ్డారు, వాళ్ళ భయానికి కారణం ఉంది, నా భయానికి పేపర్లో చదివిన ముక్కలు తప్ప ఏమీ లేవు. ఇప్పటికీ ఆ ప్రశ్న అన్నిసార్లు అడిగినందుకు బాధపడతాను.

కాబట్టి మొదటి నెల మీరు చెయ్యాల్సింది ఇది: మీరెవరో చెప్పండి. ఏ ఊరు, అమ్మానాన్న ఏం చేస్తారు, పెళ్ళయిందా, ఎన్నాళ్ళుంటారు, అన్నీ. వాళ్ళు అడిగితే విసుక్కోవద్దు, అడగకపోయినా చెప్పండి. సర్పంచి దగ్గరికి, ఊరి పెద్దల దగ్గరికి, ఆశా, అంగన్‌వాడీ వాళ్ళ దగ్గరికి మీరే వెళ్ళండి, రమ్మని కబురు పెట్టకండి. ఎవరి తెగ ఏమిటని మొదటిరోజే ఆరా తియ్యొద్దు. అక్కడ భగత, కొండదొర, వాల్మీకి, కోటియా, కోందు, పోర్జ, గదబ ఇలా చాలామంది ఉన్నారు, అందరినీ కలిపి "వీళ్ళు" అనడం మానేస్తే నెమ్మదిగా అవే తెలుస్తాయి.

పిలుపుల సంగతి జాగ్రత్తగా చూసుకోండి. కొన్ని ఊళ్ళల్లో ఎవరినైనా, కలెక్టరునైనా, నువ్వు అనే అంటారు. అది వాళ్ళ మాట తీరు, అందులో అగౌరవం లేదు. దాన్ని అడ్డం పెట్టుకుని మనవాళ్ళు అరవై ఏళ్ళ మనిషిని కూడా "ఏరా" అనేస్తారు, అది మాత్రం అగౌరవమే, వాళ్ళకి ఆ తేడా బాగా తెలుసు. మీ ఊళ్ళో ఆ వయసు మనిషిని ఎలా పిలుస్తారో అలాగే పిలవండి.

బడికి వెళ్తున్నవాళ్ళకి: ఒకటో తరగతి పిల్లవాడు మాట్లాడకపోతే వాడికి చదువు రాదని రాసెయ్యకండి. ఇంట్లో కువి మాట్లాడతాడో, ఆదివాసీ ఒడియా మాట్లాడతాడో కనుక్కోండి. ఆ భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక వాచకాలు కూడా వేశారు, బడి బీరువాలో ఉన్నాయేమో వెతకండి. నీళ్ళు, అన్నం, రా, కూర్చో, నొప్పి, ఈ ఐదు మాటలు పిల్లల దగ్గరే నేర్చుకోండి. మీరు తప్పు పలికితే తరగతంతా నవ్వుతుంది, ఆ రోజు నుంచి వాళ్ళు మాట్లాడతారు. ఇంకొకటి మీకు తెలిసి ఉండాలి. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్లో కొట్టేసింది. డీఎడ్, బీఎడ్ చేసి ఇంటి దగ్గరున్న యువకులు అక్కడ చాలామంది ఉన్నారు. మీరు కూర్చున్న కుర్చీ వాళ్ళకి ఎలా కనపడుతుందో ఆలోచించండి, ఎవరైనా ఆ మాట ఎత్తితే వాదనకి దిగకుండా వినండి.

"బద్ధకస్తులు, సంత రోజు పని మానేస్తారు" అని ఆఫీసుల్లో అంటారు. సంత అంటే కాలక్షేపం కాదు, వాళ్ళ మార్కెట్ యార్డు, బ్యాంకు, పోస్టాఫీసు అన్నీ అదే. పసుపు, అల్లం, పిప్పలి, రాజ్‌మా, చింతపండు, కొండచీపుళ్ళు, అడ్డాకులు అక్కడే అమ్మాలి, ఉప్పూ నూనే అక్కడే కొనాలి. కాఫీ పళ్ళు కోసే నెలల్లో ఒకసారి ఏ తోటకైనా వెళ్ళి, ఆ వాలు మీద బుట్ట కట్టుకుని గంటసేపు పండు ఏరండి, బద్ధకం మాట మళ్ళీ మీ నోట రాదు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పెద్ద ఊళ్ళల్లో కప్పు వందల్లో అమ్ముతారు, ఏరినవాళ్ళకి దక్కేది ఎంతో మీరే అడిగి తెలుసుకోండి. సంతకి వారంవారం వెళ్ళండి, కూరలు అక్కడే కొనండి. బేరం ఆడొచ్చు కానీ ఊరి బయట దారికాసి ఆడవాళ్ళ నెత్తిమీది మూట లాక్కున్నట్టుగా కొనే వ్యాపారుల తీరు మాత్రం మనకొద్దు. ఆ రకం వ్యాపారుల నుంచి కాపాడాలనే 1956లో గిరిజన సహకార సంస్థ, జీసీసీ, పెట్టాల్సి వచ్చింది.

గంజాయి సంగతి సూటిగా చెబుతాను. పండించిన మాట నిజం, 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు వేల ఎకరాల్లో మొక్కలు పీకేశారు. కానీ పెట్టుబడి పెట్టేవాడు, కొనేవాడు, పీల్చేవాడు ఎక్కువగా కొండ కిందనుంచే వస్తారు, మోసి దొరికిపోయేది మాత్రం పైవాళ్ళ పిల్లలు. మీరు చెయ్యాల్సింది మూడే: చెక్‌పోస్టులో బ్యాగు చూపించమంటే చూపించండి, ఐడీ కార్డు దగ్గర ఉంచుకోండి, "ఈ సంచి కింద ఒకతనికి ఇచ్చెయ్యండి" అని తెలియనివాళ్ళు ఎవరిచ్చినా పట్టుకోకండి. చిల్లంగి గురించి వేళాకోళం కూడా చెయ్యొద్దు. ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలున్నాయి. ఎవరి మీదైనా ఆ నింద పడుతోందని తెలిస్తే వెంటనే సర్పంచికో, పోలీసులకో చెప్పండి.

చిన్నవి మరికొన్ని. ముక్కుకి మూడు ముక్కెరలు పెట్టుకున్న ముసలమ్మ కనపడగానే ఫోన్ ఎత్తకండి, అడగండి, వద్దంటే వదిలెయ్యండి. పాడేరు దగ్గర వంజంగి కొండ మీది మబ్బులు చూడ్డానికి వచ్చి సీసాలు పారేసి వెళ్ళేవాళ్ళని చూసి చూసి ఊళ్ళు విసిగి ఉన్నాయి. వేసవి మొదట్లో ఇటుకల పండగప్పుడు ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి డబ్బులడుగుతారు, అది దోపిడీ కాదు, పండగ ఆనవాయితీ, చిల్లర ఇచ్చి నవ్వి వెళ్ళండి. జీలుగు కల్లు ఇస్తే తాగాలని లేదు, "నాకు అలవాటు లేదు, కూర్చుంటాను" అంటే సంతోషిస్తారు. చోడి, అంటే రాగి, అంబలి ఇస్తే మాత్రం తాగండి, ఎండలో దానికి సాటి లేదు.

భూమి జోలికి పోవద్దు. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకి అక్కడ భూమి బదిలీ చెల్లదు. "మనవాడి పేరు మీద రాయించుకుందాం, రిసార్టు వేద్దాం" అని మీ ఊరివాళ్ళే మీకు ఫోన్ చేస్తారు, మీరు అక్కడ ఉన్నారు కాబట్టి. ఆ ఫోన్ పెట్టెయ్యండి. ఒక్కసారి మధ్యవర్తిగా నిలబడితే మీరు పదేళ్ళు చేసిన మంచి పని ఊరు మరిచిపోతుంది, మరవాలి కూడా.

సెలవుకి ఇంటికి వెళ్ళినప్పుడు అందరూ కథలు అడుగుతారు. పులి కథ, అన్నల కథ చెబితే మీరు హీరో అవుతారు, చాలామంది చెబుతారు. వానాకాలం పేపర్లో వచ్చే, రోగిని డోలీ కట్టి మోసుకెళ్ళే ఫొటో చూసి "అంతేనా వాళ్ళ బతుకు" అంటారు. రోడ్డు ఎక్కడిదాకా వచ్చిందో, ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో చెప్పండి. 2022లో పాడేరు జిల్లా కేంద్రం అయిందని, ఇప్పుడక్కడ మెడికల్ కాలేజీ ఉందని, మీ బడిలో ఎవరు లెక్కల్లో ముందున్నారో, వాళ్ళ పేరుతో చెప్పండి.

చివరిగా బదిలీ. ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, మీరు కోరుకునే ఉంటారు. ఎక్కువమంది దసరాకో, వేసవికో సెలవు పెట్టి వెళ్ళి మరి రారు, సామాను కోసం ఎవరినో పంపుతారు. పిల్లలు జూన్‌లో గేటు దగ్గర నిలబడి "సార్ వస్తారా" అని అడుగుతారు. మీరు అలా చెయ్యకండి. ఆర్డరు రాగానే తరగతిలో చెప్పండి, వీధిలో ఇంటింటికీ చెప్పండి, మీ తర్వాత వచ్చే మనిషిని తీసుకొచ్చి పక్కింటావిడకి చూపించి, ఇతను ఫలానా ఊరి మనిషి, ఫలానా పని మీద వచ్చాడని చెప్పి, అప్పుడు బస్సెక్కండి.