పెద్ద తెర టీవీ కొనే ముందు గోడను చూసుకోండి: విశాఖ ఇళ్లకు కొన్ని జాగ్రత్తలు

మధురవాడ వైపు ఒక అపార్టుమెంటులో ఈమధ్య 75 అంగుళాల టీవీ గోడ నుంచి ఊడి కింద పడింది. అదృష్టం బాగుండి ఆ సమయంలో హాలులో ఎవరూ లేరు. నేను వెళ్లి చూసేసరికి బ్రాకెట్టు టీవీ వెనక భాగానికి చెక్కుచెదరకుండా ఉంది, స్క్రూలు కూడా వంగలేదు. స్క్రూలు పట్టుకోవడానికి గోడ రంధ్రాల్లో దింపే ప్లాస్టిక్ ప్లగ్గులు మాత్రం తమ చుట్టూ ఉన్న తెల్లటి పొడితో సహా గోడలోంచి బయటికి వచ్చేశాయి. ఆ ఇంటివారు తెర గురించి, రంగుల గురించి, సౌండ్ గురించి నెలల తరబడి తెలుసుకున్నారు. ఏ గోడకు తగిలిస్తున్నారో ఆ గోడను దేనితో కట్టారని మాత్రం ఎవరినీ అడగలేదు.

దసరా, దీపావళి ఆఫర్లు, బంగాళాఖాతంలో తుపానులు మన ఊరికి ఒకే కాలంలో వస్తాయి. డాబాగార్డెన్స్, ద్వారకానగర్ షోరూముల నుంచి పెద్ద పెద్ద పెట్టెలు ఇళ్లకు చేరే రోజులూ, కరెంటు తీగలు తెగిపడే రోజులూ ఇవే. అందుకే ఇది ఇప్పుడు రాస్తున్నాను. బిల్లు జాగ్రత్త చేయడం, నాలుగు చోట్ల ధర కనుక్కోవడం వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఒకే పొరపాటు వల్ల జరిగాయి. ముందు టీవీ కొని, తర్వాత గోడ వైపు చూడడమే ఆ పొరపాటు.

గోడ

మన పాత ఇళ్లలో, అంటే పెదవాల్తేరు, మహారాణిపేట వంటి చోట్ల ఇంకా మిగిలి ఉన్న తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడలకు, మంచి ప్లగ్గు వేసి బిగిస్తే ఎంత బరువైనా నిలుస్తుందన్న నమ్మకం మన పెద్దలకు ఉండేది, అది చాలావరకు నిజం కూడా. ఇప్పటి ఫ్లాట్లలో గదుల మధ్య గోడలు ఎక్కువగా నాలుగంగుళాలవి. వాటిని కొన్నిచోట్ల ఫ్లైయాష్ అనే బూడిద ఇటుకలతో, కొన్నిచోట్ల లైట్‌వెయిట్ బ్లాకులతో, కొత్త పెద్ద టవర్లలో కాంక్రీటుతోనే కడుతున్నారు. పైన పుట్టీ, రంగు పడ్డాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వేలితో తట్టి చూస్తే కొంత తెలుస్తుంది కానీ పూర్తిగా తెలియదు.

పూర్తిగా తెలిసేది డ్రిల్లు పెట్టినప్పుడే. టీవీ వెనక దాగిపోయే చోట ఒక చిన్న రంధ్రం వేయించి, బిట్టు వెంట వచ్చే పొడిని కాగితంలో పట్టండి. పైపొర సిమెంటు ప్లాస్టరింగుదే కాబట్టి మొదటి అర అంగుళం పొడిని లెక్కలోకి తీసుకోకండి. ఆ తర్వాత ఎర్రటి పొడి వస్తే అది మట్టి ఇటుక. బూడిదరంగు పొడి వస్తూ, బిట్టు ఒక మోస్తరు బలంతో లోపలికి పోతే బూడిద ఇటుక. పొడి బూడిదరంగులోనే ఉన్నా బిట్టు ముందుకు పోనని మొరాయిస్తే కాంక్రీటు. పొడి తెల్లగా, తేలికగా ఉండి, బిట్టు సబ్బులోకి దిగినట్టు దిగిపోతే అది లైట్‌వెయిట్ బ్లాకు. ఏ అడ్డూ లేకుండా బిట్టు ఒక్కసారిగా లోపలికి జారిపోతే మీ ముందున్నది గోడే కాదు, జిప్సం బోర్డో, ప్యానెలింగో.

లైట్‌వెయిట్ బ్లాకులో మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు పనికిరాదు. ప్లగ్గు విచ్చుకుని చుట్టూ ఉన్న గట్టి పదార్థాన్ని నొక్కి పట్టుకోవాలి. ఆ బ్లాకంతా గాలి బుడగలే కాబట్టి, ప్లగ్గు విచ్చుకున్న కొద్దీ చుట్టుపక్కల భాగం నలిగి పొడి అవుతుంది. బిగించిన రోజు గట్టిగానే అనిపిస్తుంది. తలుపు గట్టిగా పడ్డప్పుడల్లా, సౌండ్‌బార్ కింది స్వరాలు అదిరించినప్పుడల్లా కొంచెం కొంచెం వదులవుతూ, కొన్ని నెలల తర్వాత ఒకనాడు ఊడిపోతుంది. అటువంటి గోడకు హ్యామర్ మోడ్‌లో, అంటే కొడుతూ తొలిచే పద్ధతిలో, డ్రిల్లు పెట్టనివ్వకండి. ఆ బ్లాకుల కోసమే తయారయ్యే యాంకర్లో (బోల్టును గోడలో పట్టి ఉంచే బిగింపులు), రెసిన్ పోసి బిగించే కెమికల్ యాంకర్లో వాడించండి. నాలుగంగుళాల గోడ అయితే ఇటు నుంచి అటు దాకా బోల్టు తీసి, అవతలి వైపు ఇనుప పట్టీ వేసి నట్టు బిగించడమే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. అవతలి గదిలో నట్టు కనిపిస్తుందని కొందరు ఒప్పుకోరు. దానికి రంగు వేసుకోవచ్చు.

బ్రాకెట్టు ఏ రకమో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. గోడకు ఆనుకునే ఫిక్స్‌డ్ బ్రాకెట్టుకూ, ముందుకు లాగి పక్కకు తిప్పే చేతుల బ్రాకెట్టుకూ గోడ మీద పడే భారంలో చాలా తేడా ఉంటుంది. పై వరుస, కింది వరుస బోల్టుల మధ్య 20 సెంటీమీటర్ల దూరం ఉన్న బ్రాకెట్టు మీద తెరను 50 సెంటీమీటర్లు ముందుకు లాగితే, పై బోల్టులను బయటికి లాగే బలం టీవీ బరువుకు దాదాపు రెండున్నర రెట్లు ఉంటుంది. 35 కిలోల టీవీ అప్పుడు పై బోల్టులను 85 కిలోలకు పైగా బలంతో పీకుతూ ఉంటుంది. నాలుగంగుళాల బ్లాకు గోడకు అటువంటి బ్రాకెట్టు వద్దు.

ఇంటీరియర్ చేయించుకున్న ఇళ్లలో ఇదే పొరపాటు మరో రూపంలో కనిపిస్తుంది. అందమైన చెక్క ప్యానెలింగు మీదే బ్రాకెట్టు బిగించి, స్క్రూలు ఆ చెక్కతోనే ఆగిపోతాయి. అది ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన పలక) అయితే మన ఊరి తేమకు ఉబ్బి, స్క్రూ పట్టు వదిలేస్తుంది. ప్యానెలింగు వేయకముందే టీవీ వచ్చే చోట 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను వెనక గోడకు ఎక్కువ చోట్ల యాంకర్లతో బిగించమని వడ్రంగికి చెప్పండి. ఇప్పటికే ప్యానెలింగు అయిపోయి ఉంటే, బోల్టు దాన్ని దాటి అసలు గోడలోకి తగినంత లోతు వెళ్లేటంత పొడవుండాలి. గోడ ఏదో తెలియకుండా టీవీ కొనకండి. టీవీ సైజు, బరువు, బ్రాకెట్టు అన్నీ గోడను బట్టే నిర్ణయం కావాలి.

గోడ అవతల ఏముందో కూడా చూడండి. బాత్రూము ఉంటే అందులో నీళ్ల పైపులు ఉంటాయి, చెమ్మ ఉంటుంది. స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైన డ్రిల్లు పెట్టకండి. వైర్ల పైపు సాధారణంగా ఆ దారినే పోతుంది.

కొలత, వెలుతురు, తెర

సినిమా చూడడానికి సౌకర్యమైన దూరం తెర మూలకొలతకు, అంటే ఒక మూల నుంచి ఎదురు మూలకు ఉన్న దూరానికి, 1.2 నుంచి 1.6 రెట్ల మధ్య ఉంటుంది. 65 అంగుళాల తెరకు అది సుమారు ఆరున్నర నుంచి తొమ్మిది అడుగుల లోపు, 75కు ఏడున్నర నుంచి పది అడుగులు, 85కు ఎనిమిదిన్నర నుంచి పదకొండు అడుగుల పైచిలుకు. గోడ నుంచి గోడకు కాకుండా, సోఫాలో ఆనుకుని కూర్చున్న మనిషి కళ్ల నుంచి తెర దాకా కొలవండి. 75 అంగుళాల తెర వెడల్పు 166 సెంటీమీటర్లు, 85 అంగుళాలది 188. దాని పక్కన స్పీకర్లకు చోటు మిగలాలి. తెర మధ్యభాగం కూర్చున్నవారి కంటి ఎత్తుకు, అంటే నేల నుంచి ఒక మీటరుకు కాస్త అటూ ఇటూగా ఉండాలి. మన ఇళ్లలో అలమారా కోసమో, అందం కోసమో తెరను ఒకటి రెండు అడుగులు పైకి జరిపి, మూడు గంటల సినిమాను మెడలెత్తి చూస్తున్నారు.

మనకు సముద్రం తూర్పున ఉంది. బీచ్‌రోడ్డు, లాసన్స్‌బే కాలనీ, రుషికొండ వైపు బాల్కనీలున్న ఇళ్లలో ఉదయపు వెలుగు నేరుగానూ వస్తుంది, నీటి మీద పడి తిరిగీ వస్తుంది. బాల్కనీ అద్దాల తలుపుకు ఎదురు గోడ మీద పెడితే ఎంత ఖరీదైన తెరలోనైనా మీ బాల్కనీయే కనిపిస్తుంది. పక్క గోడ దొరికితే దాన్నే ఎంచుకోండి, దొరకకపోతే ముందు మందపాటి పరదాలకు డబ్బు కేటాయించండి.

చీకటి చేసుకోగల గదికి ఓఎల్ఈడీ తెరను మించినది లేదు. ప్రతి చుక్కా తనంతట తానే వెలిగి ఆరుతుంది కాబట్టి నలుపు నిజంగా నల్లగా ఉంటుంది. అయితే మీ ఇంట్లో తెలుగు న్యూస్ చానల్ పొద్దున్నుంచి రాత్రి దాకా నడుస్తూ ఉంటే, కింద కదలని పట్టీలు, మూలన లోగో ఆ తెర మీద శాశ్వతమైన మచ్చలుగా మిగిలే ప్రమాదం ఉంది. పగలంతా వెలుతురుండే హాలుకు, వార్తలూ క్రికెట్టూ ఎక్కువగా చూసే ఇంటికి మినీ ఎల్ఈడీ (వెనక చిన్న చిన్న దీపాలతో వెలిగే ఎల్‌సీడీ తెర) మేలు. పక్క కుర్చీల్లో కూర్చుని చూసేవారుంటే షోరూములో కూడా పక్కకు జరిగి చూడండి. కొన్ని ఎల్‌సీడీ తెరల రంగు పక్క నుంచి చూస్తే వెలిసిపోతుంది. షోరూములో టీవీలన్నీ కళ్లు చెదిరే వివిడ్ మోడ్‌లో ఉంచుతారు. సినిమా మోడ్‌కో, ఫిల్మ్‌మేకర్ మోడ్‌కో మార్పించి, రాత్రి దృశ్యం ఒకటి వేయించుకుని చూశాక మాట్లాడండి.

కరెంటు, తుపాను

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు ఈ ఊరికి రోజుల తరబడి కరెంటు లేదు. తుపానులో టీవీలకు కరెంటు పోవడం కంటే, అది తిరిగి వచ్చేటప్పుడే ప్రమాదం ఎక్కువ. స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగితే, 230 వోల్టులు రావలసిన ఇంట్లోకి 400 వోల్టుల దగ్గర దాకా వచ్చే అవకాశం ఉంటుంది, వీధిలో ఒకేసారి పది ఇళ్ల టీవీలు కాలిపోయేది అందువల్లే. మామూలు స్పైక్‌గార్డు క్షణకాలం వచ్చే వోల్టేజీ ఉప్పెననే కొంతవరకు ఆపగలదు, ఈ హైవోల్టేజీని ఆపలేదు. వోల్టేజీ హద్దు దాటితే సరఫరాను కత్తిరించే ప్రొటెక్టరును మీటరు దగ్గరే ఎలక్ట్రీషియన్ చేత పెట్టించండి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో అప్పుడే పరీక్షించమనండి, ఎర్తింగ్ లేని ఇంట్లో స్పైక్‌గార్డు వంటి సర్జ్ ప్రొటెక్టరు తన పని పూర్తిగా చేయలేదు.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను. పిడుగుల వాన వచ్చేలా ఉంటే రిమోట్‌తో ఆపి ఊరుకోకండి, అది మొదలవకముందే ప్లగ్గు పీకండి. డిష్ కేబులు కూడా పీకండి. పిడుగు ప్రభావం మిద్దె మీది డిష్ నుంచి సెట్‌టాప్ బాక్సుకు, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ తీగ గుండా టీవీకి, సౌండ్ రిసీవరుకు చేరుతుంది. కరెంటు వచ్చిన వెంటనే టీవీ వేయకండి, లైట్ల వెలుగు నిలకడగా ఉందని చూశాక వేయండి. లైట్లు మామూలు కంటే మిరుమిట్లు గొలుపుతుంటే మెయిన్ దించి 1912కు ఫోన్ చేయండి. తెగిన తీగ దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్లవద్దు.

తుపాను హెచ్చరిక ఉంటే, కిటికీకి దగ్గరగా ఉన్న టీవీని తడవకుండా కప్పండి, అయితే ఆపి, ప్లగ్గు తీసి, చల్లారిన తర్వాతే కప్పాలి.

సముద్రానికి దగ్గర ఇళ్లలో రంగు పూసిన మామూలు ఇనుప బోల్టులు వాడకండి, స్టెయిన్‌లెస్ స్టీలువో, మందంగా జింకు పూత ఉన్నవో అడిగి తీసుకోండి. ఏడాదికి ఒకసారి టార్చి వేసి బోల్టు తలల మీద తుప్పు ఉందేమో, వాటి చుట్టూ గోడ పొడి రాలుతోందేమో చూడండి. పొడి కనిపించిన రోజే టీవీ దింపించండి. రేపటికి వాయిదా వేయకండి.

స్టాండు మీద పెట్టేవారు కాళ్ల మధ్య దూరాన్ని కొలిచి, అంతకంటే వెడల్పైన బల్ల చేయించుకోండి. పసిపిల్లలున్న ఇంట్లో టీవీని పట్టీతో వెనక గోడకు కట్టి తీరాలి. ఇక్కడ కూడా మళ్లీ గోడే. బల్ల సొరుగులు మెట్లలా ఉండకూడదు. రిమోట్‌ను టీవీ మీద పెట్టకండి, పిల్లలు దాని కోసం ఎక్కుతారు.

లిఫ్టు తలుపు, లోపలి ఎత్తు, మెట్ల మలుపు కొలిచాకే ఆర్డరు పెట్టండి. పెట్టెను ఎక్కడా పడుకోబెట్టనివ్వకండి. తెరను అంచులతో ఇద్దరు పట్టుకోవాలి, 75 దాటితే ముగ్గురు. తెర అద్దం మీద అరచేయి ఆనించి ఎత్తేవారిని వెంటనే ఆపండి. గోడలో హెచ్‌డీఎంఐ తీగను నేరుగా పూడ్చకండి, రెండంగుళాల పైపు వేయించి అందులోంచి లాగండి, రేపు మార్చవలసి వస్తే గోడ పగలగొట్టక్కర్లేదు. సౌండ్‌బార్‌ను టీవీకి ఈఆర్క్ (eARC, టీవీ శబ్దాన్ని బయటికి పంపే హెచ్‌డీఎంఐ దారి) అని రాసి ఉన్న పోర్టుకే కలపండి. పగిలిన తెరకు మామూలు వారంటీ వర్తించదు. కొత్త ప్యానెల్ ఖరీదు చాలాసార్లు కొత్త టీవీ ఖరీదుకు దగ్గరగా ఉంటుంది.

బిగించడానికి వచ్చిన మనిషి సంచిలోంచి ప్లాస్టిక్ ప్లగ్గులు తీస్తే, ఏ గోడకు వాడుతున్నారో చెప్పమని అడగండి. "అన్ని ఇళ్లలో ఇవే వేస్తున్నామండీ" అన్నది సమాధానం కాదు. మీరు కాగితంలో పట్టి ఉంచిన పొడిని ఆయనకు చూపించండి. ఆయన దగ్గర తగిన యాంకర్లు లేకపోతే, పెట్టె విప్పించి, టీవీని దాని కాళ్ల మీదే బల్లపై నిలబెట్టి, తెర మీద చీలికలు, చారలు లేవని చూసుకుని, బిగింపు మరో రోజుకు పెట్టుకోండి.