బవేరియా కొట్టినా పురుగు చావడం లేదా? స్ప్రే పంపు కూడా చూడండి

సమస్య: బెంగళూరు మిద్దె తోటల్లో అందరిదీ ఒకటే ఫిర్యాదు. వంగ మీద తెల్లదోమ, మందారం మీద పిండినల్లి. పురుగుల్ని చంపే శిలీంధ్రాల పొడులు బవేరియానో వర్టిసీలియమో లీటరు నీళ్లకు 5 గ్రాములు కలిపి కొట్టారు. పురుగు మాత్రం చెక్కుచెదరలేదు.

ముందు ప్యాకెట్ మీద గడువు చూడండి. చూశామంటారు గానీ చాలామంది చూడరు. మిట్టమధ్యాహ్నం కొట్టారా? ఆ శిలీంధ్రం బీజాలు ఎండకు చస్తాయి, తేమ ఉంటేనే మొలుస్తాయి. సాయంత్రం, ఆకు అడుగు తడిసేలా కొట్టండి. ఆ తర్వాత ఆగండి. బీజం పురుగు చర్మానికి అంటుకుని, మొలిచి, లోపలికి చొచ్చుకుపోతే గానీ పురుగు చావదు. వారం, పది రోజులు పట్టొచ్చు. పొద్దున కొట్టి రాత్రికి ఫోన్ చేస్తే నేనేం చెప్పను?

ఇవన్నీ సరిగ్గా ఉన్నా పని చేయలేదంటే నా అనుమానం తెగుళ్ల మందు మీదే. "మేము కెమికల్స్ వాడమండీ" అనేవాళ్ల దగ్గర కూడా ఇదే బయటపడుతుంది. గుచ్చి అడిగితే, మొన్న వానలకు బీర ఆకుకు బూడిద తెగులు వస్తే గంధకం కొట్టామంటారు. లేదంటే టమాటాకు బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపింది). సేంద్రియంలో చెల్లుతుంది కదా అని అవి లెక్కలోకి రావు. బవేరియా కూడా శిలీంధ్రమే కదా! శిలీంధ్రాన్ని చంపే మందుకు మనది, పరాయిది అన్న తేడా ఉండదు. మాంకోజెబ్, కార్బెండజిమ్ లాంటి రసాయన తెగుళ్ల మందులైతే మరీ ఘోరం. కొన్ని కొట్ల వాళ్లు బవేరియా, తెగుళ్ల మందు రెండూ కలిపి కొట్టమని ఒకే సంచిలో పెట్టి ఇస్తారు!

తెగుళ్ల మందు మొక్కకు కొట్టకపోయినా పంపులో మిగిలి ఉండొచ్చు. నాజిల్ విప్పి, లోపలి జాలీని వేలితో రుద్దండి. పసుప్పచ్చ మడ్డి అంటిందా? పాత మాంకోజెబ్ కావచ్చు.

పరిష్కారం: బవేరియా, వర్టిసీలియంలకు వేరే స్ప్రే బాటిల్ పెట్టుకోండి. తెగుళ్ల మందుకు ముందూ వెనకా పది రోజులు ఎడం ఇవ్వండి. అనుమానం తీరాలంటే, తెగుళ్ల మందు తగలని మొక్క నుంచి పురుగులున్న ఆకు కోసి, కొత్త బాటిల్‌తో బవేరియా కొట్టి, తడి టిష్యూ పరిచిన డబ్బాలో మూత పెట్టి ఉంచండి. చచ్చిన పురుగుల ఒంటి మీద తెల్లటి బూజు లేచిందంటే మందు మంచిదే, తప్పు పంపుదో మొక్కదో. పది రోజులు దాటినా ఏమీ లేకపోతే ప్యాకెట్ మార్చండి.

పిండినల్లికి మైనం పూత ఉంటుంది, కాస్త సబ్బు నీళ్లు కలపండి. కుళాయి నీళ్లలో క్లోరిన్, పురుగు మందుకు అలవాటు పడటం లాంటివి అరుదు, వాటికి టెన్షన్ వద్దు.

హిందూపురం, చింతామణి వైపు ఊళ్లో పట్టుపురుగులు పెంచేవాళ్లుంటే మిగిలిన ప్యాకెట్ అటు తీసుకెళ్లకండి. వాటికి సున్నపుకట్టు రోగం తెచ్చేది ఈ బవేరియానే.